నిండిన బ్యాటరీ బంగారు రంగులో ఉంటుంది

చిత్తూరు పాఠకుడొకరు అడిగిన ప్రశ్న ఇది: "బెంగళూరు దారిలో ఫాస్ట్ చార్జర్ దగ్గర 10 శాతం నుంచి 80 దాకా ముప్పావుగంటలో ఎక్కింది. మిగతా 20కి ఇంకో ముప్పావుగంట చూపిస్తోంది. లోపం చార్జర్‌లోనా, కారులోనా?" రెండింట్లోనూ లేదు. నన్నడిగితే ఎలక్ట్రిక్ కారులో అన్నిటికన్నా అందమైన విజ్ఞానం ఆ చివరి 20 శాతంలోనే ఉంది.

ముందు లెక్క. కరెంటు బిల్లులో యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. కిలోవాట్ అనేది కరెంటు ఎక్కే వేగం, ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు ఎక్కితే ఒక యూనిట్. మీ బ్యాటరీ 40 యూనిట్లది అనుకుందాం. ఇంట్లో 15 ఆంపియర్ల సాకెట్ సుమారు 3.3 కిలోవాట్లు ఇస్తుంది. అంటే 12 గంటలు, వేడిగా పోయేది కలుపుకుంటే ఇంకో గంట. 7.2 కిలోవాట్ల వాల్ చార్జర్ అయితే ఆరు గంటలు. హైవే మీద 50 కిలోవాట్ల చార్జర్‌తో 10 నుంచి 80 శాతానికి కావలసిన 28 యూనిట్లు ముప్పావుగంటలోపే. బడిలో ఓమ్ సూత్రం బట్టీ పట్టిస్తారు గాని, ఇంటి బిల్లు ముందుపెట్టి కిలోవాట్‌కీ కిలోవాట్ అవర్‌కీ తేడా చెప్పే మాస్టార్లు అరుదు. అది చెబితే ఏడో తరగతి పిల్లలు కూడా ఈ లెక్క నోటితో చేసేస్తారు.

చార్జింగ్ అంటే లిథియం అయాన్లు మకాం మార్చడం. పాజిటివ్ వైపున్న అయాన్లు మధ్యలోని ద్రవం దాటి అవతలి గ్రాఫైట్‌లోకి దూరతాయి. గ్రాఫైట్ అంటే పెన్సిల్ ములుకులో ఉండేదే. ఒకదానిమీద ఒకటిగా కార్బన్ పొరలు, వాటి మధ్య సన్నటి సందులు. ఆ సందులే అయాన్ల గదులు.

తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ చూసినవాళ్లకి ఇక్కడి నుంచి చెప్పడం తేలిక. కంపార్ట్‌మెంట్లు ఖాళీగా ఉన్నప్పుడు ఎంతమంది వచ్చినా ఆగకుండా లోపలికి నడిచిపోతారు. 20, 30 శాతం దగ్గర బ్యాటరీ అలా ఉంటుంది. సగం నిండాక లోపలివాళ్లు సర్దుకునేదాకా గేటు దగ్గరివాళ్లు ఆగాలి. అన్నీ నిండే వేళకు వెనక నుంచి వచ్చే జనం తగ్గకపోతే లైను బయటికి పెరుగుతుంది. "31 కంపార్ట్‌మెంట్లు నిండి శిలాతోరణం వరకు క్యూ" అని పేపర్లో చదువుతుంటాం కదా, బ్యాటరీలో ఆ బయటి లైనే ప్రమాదం. లోపల చోటు దొరకని అయాన్ గ్రాఫైట్ పైమీదే ఎలక్ట్రాన్ పుచ్చుకుని లోహంగా పేరుకుంటుంది. అందులో చాలా భాగం మళ్లీ పనికిరాదు, ఆ మేరకు కారు రేంజ్ శాశ్వతంగా తగ్గుతుంది. ఆ లోహం మొనలు తేలి పెరిగితే రెండు వైపులనూ విడదీసే పలుచటి పొర చిరిగి షార్ట్ సర్క్యూట్ కూడా కావచ్చు.

గదులు నిండే క్రమం ఇంకా వింతగా ఉంటుంది. అయాన్లు అన్ని గదుల్లోనూ తలా కొంచెం చేరవు. ఒకటి నింపి, పక్కది వదిలి, ఆ తర్వాతది నింపుతాయి. ప్రతి రెండో సందు నిండేసరికి 12 కార్బన్లకు ఒక లిథియం చొప్పున ఉంటుంది. అప్పుడు నల్లటి గ్రాఫైట్ ఎర్రగా మారుతుంది. ఆరు కార్బన్లకు ఒకటి అయ్యేసరికి అచ్చంగా బంగారు రంగు! పొరల మధ్య దూరం కూడా దాదాపు 10 శాతం పెరుగుతుంది. తిరుపతిలో 2022లో లిథియం సెల్ ఫ్యాక్టరీ మొదలైంది. మన ఇంజినీరింగ్ పిల్లలు ఈ రంగులు కళ్లారా చూసే రోజు రావాలని నా కోరిక.

ఆ బంగారు దశలో గ్రాఫైట్ పొటెన్షియల్ లిథియం లోహం కన్నా 0.085 వోల్టులే ఎక్కువ. ఇంకాస్త గట్టిగా కరెంటు పంపితే ఆ తేడా సున్నాకు దిగుతుంది, లోహం పేరుకోవడం మొదలవుతుంది. అందుకే సెల్ వోల్టేజి నికెల్ రకంలో 4.2, ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకంలో 3.65 దగ్గరికి రాగానే బ్యాటరీని కాపలా కాసే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) వోల్టేజిని అక్కడే పట్టి ఉంచి, కరెంటును మెల్లగా తగ్గిస్తూ పోతుంది. నిజానికి చాలా కార్లు 80 శాతం దగ్గరే జాగ్రత్త మొదలుపెడతాయి. మీరు బోర్డు మీద చూసిన రెండో ముప్పావుగంట ఇదే. ప్రయాణంలో 80 రాగానే తీసేసి బయల్దేరండి, వెనకున్నవాళ్లకీ మేలు.

ఇంట్లో 3.3 కిలోవాట్ల దగ్గర అయాన్లకు సర్దుకోవడానికి కావలసినంత సమయం ఉంటుంది. అక్కడ టెన్షన్ బ్యాటరీతో కాదు, వైరింగ్‌తో. గీజర్ పావుగంట వాడి ఆపేస్తాం. కారు అదే సాకెట్ నుంచి రాత్రంతా లాగుతుంది. వదులుగా ఉన్న ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు కరిగిపోతాయి. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు అసలు చార్జింగే మొదలుపెట్టవు. చిత్తూరు వైపు రాతి నేలలు ఎండాకాలంలో ఎండిపోతే ఎర్త్ రెసిస్టెన్స్ బాగా పెరుగుతుంది. ఎర్త్ పిట్‌లో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసే పద్ధతి మూఢనమ్మకం కాదు, తడిలో కరిగిన ఉప్పు అయాన్లే అక్కడ కరెంటును మోస్తాయి. అసలైన మూఢనమ్మకం వేరే ఉంది. బ్యాటరీని అప్పుడప్పుడు సున్నాకి దించితేనే ఆరోగ్యం అనేది. అది నికెల్ కాడ్మియం కాలం నాటి మాట. లిథియంకు హాని చేస్తుంది. ఎల్ఎఫ్‌పీ కార్లకు అప్పుడప్పుడు 100 చేయమని కంపెనీలు చెప్పేది మాత్రం నిజమే. ఆ రకంలో వోల్టేజి మధ్యలో దాదాపు కదలదు కాబట్టి, ఎంత నిండిందో బీఎంఎస్ లెక్క తప్పుతుంది. పైదాకా వెళ్తే లెక్క మళ్లీ సరిపోతుంది. నింపి మే నెల ఎండలో రోజుల తరబడి వదిలేయడం మాత్రం ఏ రకానికీ మంచిది కాదు.

దారిలో ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోండి. తిరుపతి నుంచి మొగిలి ఘాట్ మీదుగా బెంగళూరు చేరేసరికి 700 మీటర్లకు పైగా ఎక్కుతారు. మనుషులతో కలిపి 1,700 కిలోల కారును అంత ఎత్తుకు లేపడానికే మూడు యూనిట్లకు పైగా కావాలి. తిరుగు ప్రయాణంలో ఆ మేరకు తక్కువ ఖర్చవుతుంది. అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కేదీ దాదాపు అంతే ఎత్తు. దిగేటప్పుడు మోటారే జనరేటర్‌గా మారి అందులో రెండు యూనిట్ల దాకా వెనక్కి ఇస్తుంది. కానీ కొండ మీద 100 శాతం నింపుకుని పాత ఘాట్‌లో దిగితే? అక్కడ 36 హెయిర్‌పిన్ మలుపులు. ఒక్కో మలుపు ముందు వేగం 40 నుంచి 20కి తగ్గించే రెండు మూడు సెకన్లలో పుట్టే శక్తి 30 కిలోవాట్ల చార్జర్‌తో సమానం. నిండిన గ్రాఫైట్ దాన్ని తీసుకోలేదు. బీఎంఎస్ రీజెన్‌ను, అంటే మోటారు ఇలా కరెంటు వెనక్కి ఇవ్వడాన్ని, తగ్గించేస్తుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. 85, 90 శాతం దాటకుండా దిగితే మోటారు బ్రేకూ పనిచేస్తుంది, ఆ రెండు యూనిట్లూ మీకే మిగులుతాయి.