పెద్ద విమానాశ్రయాలు: ప్రయాణికుల అపోహలు, టెర్మినల్ లోపలి వాస్తవాలు

టెర్మినల్ నిర్వహణ విభాగంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. విసిగిపోయిన ప్రయాణికుల నోట మళ్లీ మళ్లీ వినిపించే మాటల్లో కొన్ని నిజం కావు, కొన్ని సగమే నిజం.

అపోహ: విమానాశ్రయం ఎంత పెద్దదైతే అంత అవస్థ.

వాస్తవం: మనిషిని అలసట పెట్టేది వైశాల్యం కంటే ఎక్కువగా మధ్యలో తెగిపోయే దారి. ప్రయాణికుల సంఖ్యలో ఏళ్ల తరబడి ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచిన అట్లాంటాలో కాన్‌కోర్సులన్నీ (గేట్లుండే పొడవాటి భవనాలు) వరుసగా ఉంటాయి, వాటి కింద భూగర్భంలో రైలు తిరుగుతుంది, బోర్డింగ్ పాస్ మీది అక్షరం చూసుకుని దిగితే సరిపోతుంది. శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ ప్రయాణాలు ఒకే కప్పు కింద జరుగుతాయి. అదే ముంబయిలో టెర్మినల్ 1 (టీ1) నుంచి టెర్మినల్ 2 (టీ2)కు మారాలంటే సామానుతో ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్లాల్సిందే.

మనవాళ్లు పెద్ద సంఖ్యలో దిగే డాలస్-ఫోర్ట్‌వర్త్ సంగతి మరీ విచిత్రం. 1974లో దాన్ని ప్రారంభించినప్పుడు, కారు దిగి నాలుగడుగులు వేస్తే గేటు వచ్చేలా టెర్మినళ్లను అర్ధచంద్రాకారంలో కట్టారు. ఆ ఊళ్లో విమానం ఎక్కేవారికి అంతకంటే సుఖం లేదు. అయితే 1978లో అమెరికా విమానయాన రంగంపై నియంత్రణలు ఎత్తివేశాక, అది విమానాలు మారే కూడలిగా ఎదగడంతో, ఒక అర్ధచంద్రం నుంచి మరొకదానికి చేరడమే ప్రయాసగా మారింది. 2005లో స్కైలింక్ రైలు వచ్చాక గాని ఆ కష్టం తగ్గలేదు.

అపోహ: తనిఖీ దగ్గర క్యూ కదలడం లేదంటే సిబ్బంది చాలడం లేదన్నమాట.

వాస్తవం: కొన్నిసార్లు అదీ నిజమేనని ఒప్పుకోవాలి. అయినా ఎక్స్‌రే యంత్రం దగ్గర పది నిమిషాలు గమనిస్తే వేరే సంగతి తెలుస్తుంది. ట్రే పెట్టేశాక జేబులో ఫోను గుర్తొచ్చేవారు ఒకరు, అడుగునున్న ల్యాప్‌టాప్ కోసం బ్యాగులోని బట్టలన్నీ తీసేవారు మరొకరు. అవతలి కొసన ట్రేలోంచి వాచీ, పర్సు ఒక్కొక్కటే తీసుకుంటూ అక్కడే నిలబడిపోయేవారు ఇంకొందరు. మన దేశంలో అందరికీ ఒంటి తనిఖీ ఉంటుంది, మహిళలకు తెర చాటున జరుగుతుంది. ఆ వరుస ఆగితే వాళ్ల బ్యాగులు తీసుకునేవారు లేక రోలర్ల మీద పేరుకుపోతాయి, అవి నిండితే ఆపరేటర్ బెల్టు ఆపక తప్పదు. క్యూ చివరనున్న మనిషికి ఇదేదీ కనిపించదు.

విమానాలన్నీ ఒకే వేళకు బయలుదేరేలా ఉన్నప్పుడు సిబ్బందిని పెంచినా ఫలితం కొంతే. 2022 డిసెంబరులో ఢిల్లీ టీ3 కిక్కిరిసిపోయినప్పుడు ఎక్స్‌రే యంత్రాలు పెంచడంతో పాటు రద్దీ వేళల్లో బయలుదేరే విమానాలనూ తగ్గించాల్సి వచ్చింది.

అపోహ: ఆరు గంటల ముందే వచ్చేస్తే నిశ్చింత.

వాస్తవం: అంతర్జాతీయ చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా మూడు, నాలుగు గంటల ముందు మాత్రమే తెరుస్తారు. అంతకు ముందు వచ్చి ట్రాలీలతో నిలబడినవారు వేరే విమానానికి వెళ్లేవారి దారికి అడ్డవుతారు. సాగనంపడానికి వచ్చిన పదిమంది ప్రవేశ ద్వారం దగ్గరే ఫొటోలు దిగడం గురించి వేరే చెప్పాలా!

అపోహ: అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు వీల్‌చైర్ పెట్టిస్తే ఏ ఇబ్బందీ ఉండదు.

వాస్తవం: ఇంగ్లిష్ రాదన్న దిగులుతో పిల్లలు ఈ పని చేస్తారు, ఆ దిగులును తప్పుపట్టలేను. కానీ వీల్‌చైర్ ప్రయాణికులు సాధారణంగా అందరికంటే చివర దిగుతారు, తోసే మనిషి వచ్చేదాకా ఏరోబ్రిడ్జి (టెర్మినల్‌ను విమానం తలుపుతో కలిపే నడవా) దగ్గరే కూర్చోవాలి. రెండో విమానానికి వ్యవధి తక్కువగా ఉంటే నడిచి వెళ్లినవారే ముందు చేరడం కద్దు. నిజంగా అవసరమైనవారికి మాత్రం టికెట్‌లో వీల్‌చైర్ కోడ్ సరిగ్గా పెట్టించండి. డబ్ల్యూసీహెచ్‌ఆర్ అంటే మెట్లెక్కగలరు, దూరం నడవలేరు. డబ్ల్యూసీహెచ్‌ఎస్ అంటే మెట్లెక్కలేరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా చేర్చాలి. మోకాళ్లు వంగని పెద్దావిడకు మొదటి కోడ్ పెడితే, ఏరోబ్రిడ్జి లేని విమానం దగ్గర ఆమె మెట్ల కింద కూర్చుని అంబులిఫ్ట్ (వీల్‌చైర్‌ను విమానం తలుపు దాకా ఎత్తే వాహనం) కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

భాషే సమస్య అయితే మీట్ అండ్ అసిస్ట్ (ఒక మనిషి వెంట ఉండి దారి చూపే) సేవ ఉందేమో విమానయాన సంస్థను అడగవచ్చు. ఆమధ్య ఒక తల్లి పాస్‌పోర్టులో మడిచి పెట్టుకున్న కాగితం నాకు చూపించారు. ఎడమవైపు తెలుగులో, కుడివైపు ఇంగ్లిష్‌లో ‘ఈ గేటుకు దారి ఎటు?’, ‘నాకు తెలుగు మాత్రమే వచ్చు’ అన్న వాక్యాలు, అడుగున కొడుకు ఫోన్ నంబరు. గేటు ఎటో వేలుతో చూపించాను, ఆవిడ నడుచుకుంటూ వెళ్లిపోయారు.