భూకంప యంత్రం బోరులోకి ఎందుకు దిగింది?

2021 నవంబరు వానల తర్వాత చిత్తూరు జిల్లా రామకుప్పం మండలంలో కొన్ని పల్లెల జనం, నేల కింద పేలుళ్ల లాంటి శబ్దాలు వస్తున్నాయని భయంతో ఇళ్లలోంచి బయటికొచ్చేశారు. ఇలాంటి చిన్న అదురును కూడా పట్టి నమోదు చేసే భూకంప యంత్రాలు (సీస్మోమీటర్లు) ఉన్నాయి. చిక్కంతా రొదతోనే. ట్రాక్టరు, క్వారీ పేలుడు, గాలికి ఊగే చింతచెట్టు, అన్నిటినీ ఆ యంత్రం రాసేసుకుంటుంది.

ఈ రొదతో మొదట గట్టిగా తలపడింది అణుబాంబుల మీద నిఘా పెట్టినవాళ్లు. 1963 ఒప్పందం గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలను నిషేధించి భూగర్భాన్ని వదిలేసింది. ఎక్కడో నేల లోపల పేలినా కనిపెట్టాల్సి వచ్చింది. మన జిల్లాకు పడమర, కర్ణాటకలోని గౌరీబిదనూరులో 1965లో పరిచిన సెన్సర్ల వరస అందుకే. అక్కడి ఉపాయం, చాలా సెన్సర్ల రీడింగులు కలిపి రొదను తగ్గించడం. 1970ల్లో అమెరికావాళ్లు యంత్రాన్నే వంద మీటర్ల బోరులోకి దించారు.

బండ్లు, గాలి పుట్టించే కంపనం చాలావరకు పైపొరలోనే పాకుతుంది, లోతుకు పోయేకొద్దీ సన్నగిల్లుతుంది. ఎండావానల తేడా కూడా అక్కడికి చేరదు. సముద్రపు అలల రొద మాత్రం వదలదు. దాని తరంగం కిలోమీటర్ల పొడవు, వంద మీటర్లు దానికో లెక్కా? బంగాళాఖాతంలో వాయుగుండం పడితే బోరులోని యంత్రానికీ తెలుస్తుంది.

1995 కోబె భూకంపం తర్వాత జపాన్ దాదాపు 800 చోట్ల ఇలా బోర్లలో సెన్సర్లు పెట్టింది. 1967లో 6.3 తీవ్రతతో కంపించిన మహారాష్ట్రలోని కొయనా దగ్గర, హైదరాబాదులోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఇలాంటి బోర్లతో కిలోమీటరున్నర లోతుకు పోయింది.

మన దగ్గర వెయ్యి అడుగుల బోరు వింతేం కాదు, ఎండిపోయినవీ కొల్లలు. ఒకదాంట్లో దించేస్తే పోలా? కుదరదు. నీళ్లు పడ్డాయా అనేగానీ బోరు నిట్టనిలువుగా దిగిందా అని రైతు చూడడు. ఈ యంత్రం కొద్ది డిగ్రీలకు మించిన వాలును ఓర్చుకోదు. కేసింగు పైపును పైనున్న మెత్తమట్టి దాకానే వేస్తారు. భూకంప బోరుకైతే అడుగు దాకా దింపి, పైపుకూ రాతికీ మధ్య సిమెంటు నింపాలి. సందు మిగిలితే పైపు తన ఊగులాట తాను ఊగుతుంది. యంత్రాన్ని గోడకు బిగించాక అది ఏ దిక్కుకు తిరిగి ఉందో పైనుంచి కనబడదు. దూరపు పెద్ద భూకంపం తరంగాలు వచ్చిన దిశను బట్టి ఉత్తరం లెక్కగడతారు.

ఇవన్నీ డబ్బుతో అయ్యే పనులే. పక్క పొలంలోని సబ్‌మెర్సిబుల్ మోటరు సంగతే అసలు తలనొప్పి. అదీ వందల అడుగుల లోతులోనే తిరుగుతుంటుంది, దాని నుంచి తప్పించుకోడానికి లోతు పనికిరాదు.