థైరాయిడ్ తగ్గితే చెయ్యి వణుకుతుందా?

ఇంట్లో డెబ్బై దాటిన పెద్దావిడకు థైరాయిడ్ తక్కువగా ఉందని ఒకసారి తేలాక, ఆ తర్వాత వచ్చే ప్రతి బాధా ఆ ఖాతాలోకే పోతుంది. నీరసంగా ఉందంటే థైరాయిడే. కాళ్ళు లాగుతున్నాయంటే థైరాయిడే. కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోందంటే అదీ థైరాయిడే. మొదటి రెండూ నిజం కావచ్చు. మూడోది మాత్రం చాలావరకు కాదు. ఈ తేడా తెలియక గుంటూరు కొత్తపేటలోనో, బెజవాడ సూర్యారావుపేటలోనో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు కూడా వణుకు సంగతి చెప్పకుండా లేచి వచ్చేసేవాళ్ళు ఎంతోమంది.

ముందు నీరసం సంగతి. శరీరంలోని కణాలు ఎంత వేగంగా శక్తిని ఖర్చు చేయాలో థైరాయిడ్ గ్రంథి తయారుచేసే థైరాక్సిన్ హార్మోను చెబుతుంది. అది తగ్గితే గుండె నిదానిస్తుంది, పేగులు నిదానిస్తాయి, మాటా ఆలోచనా కూడా నెమ్మదిస్తాయి. మే నెలలో బెజవాడ ఎండ 40 డిగ్రీలు దాటి ఇంటిల్లిపాదీ కూలర్ ముందు చేరితే, ఆవిడ ఫ్యాన్ కట్టేయమని దుప్పటి కప్పుకుంటుంది. కండరాల బలహీనత ముఖ్యంగా తొడల్లో, భుజాల్లో తెలుస్తుంది. కింద కూర్చుంటే ఆసరా లేకుండా లేవలేరు. జడ వేసుకోవడానికి ఎత్తిన చేతులు కాసేపటికే దిగిపోతాయి. డాక్టరు మడమ పైన చిన్న సుత్తితో తడితే పాదం చటుక్కున కదులుతుంది కానీ, తిరిగి మామూలు స్థితికి రావడానికి తాపీగా సమయం తీసుకుంటుంది. ఆ ఆలస్యం కంటికే కనిపిస్తుంది.

పక్క గదిలో మనిషి పలక్కపోతే గొంతు పెంచి పిలిచినట్టు, థైరాయిడ్ గ్రంథి మందగించినప్పుడు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్ చేత పని చేయించే హార్మోను టీఎస్‌హెచ్‌ను ఎక్కువగా పంపుతుంది. అందుకే థైరాయిడ్ తగ్గినవాళ్ళ రిపోర్టులో టీఎస్‌హెచ్ పెరిగి కనిపిస్తుంది. ఆ లోటు తీర్చడానికి వేసుకునే థైరాక్సిన్ మాత్ర మోతాదు ఎక్కువైతే అదే అంకె కిందికి పడిపోతుంది.

వణుకు ఎక్కువగా కనిపించేది ఈ రెండో పరిస్థితిలో. హార్మోను మితిమీరితే అడ్రినలిన్‌కు శరీరం స్పందించే తీరు పెరుగుతుంది. గుండె దడ, చెమటలు, నిద్ర పట్టకపోవడం, వేళ్ళలో సన్నని వణుకు వస్తాయి. చేతులు ముందుకు చాపమని, వేళ్ళ మీద ఒక పల్చటి కాగితం పెట్టి చూడండి. కంటికి ఆనని వణుకు కూడా ఆ కాగితం అంచున కనిపిస్తుంది.

థైరాయిడ్ తక్కువగా ఉన్న మనిషికి హార్మోను ఎక్కువ ఎలా అవుతుంది? మాత్ర వల్లే. యాభై ఏళ్ళప్పుడు రాసిన మోతాదునే డెబ్బై అయిదులోనూ వాడుతుంటారు. ఈలోగా ఒంటి బరువు తగ్గుతుంది, శరీరం హార్మోనును ఖర్చు చేసే వేగమూ తగ్గుతుంది. ఇంకో దారి కూడా ఉంది. కొత్త డాక్టరు మోతాదు మార్చి వేరే కంపెనీ మాత్ర రాస్తే, పాత సీసా కూడా అయిపోయేదాకా వాడదామని రెండూ వేసుకుంటారు. పెద్దవాళ్ళ మందుల డబ్బా ఒకసారి మంచం మీద బోర్లించి, ప్రతి సీసా మీదా ఎన్ని మైక్రోగ్రాములో చదవండి. ఇంట్లో పిల్లలు చేయగలిగిన అతి విలువైన సాయం ఇదేనని నా నమ్మకం.

ఇది ఊరికే చెయ్యి వణకడంతో పోయేది కాదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 60 దాటినవాళ్ళను పదేళ్ళు గమనించి 1994లో వెలువరించిన అధ్యయనంలో, టీఎస్‌హెచ్ బాగా పడిపోయినవాళ్ళకు గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు దాదాపు మూడు రెట్లు కనిపించింది. దానివల్ల పక్షవాతం రావచ్చు. పైగా ఎముకలూ గుల్లబారతాయి.

అలాగని భయపడి మాత్ర మానేయకూడదు. 1891లో ఇంగ్లండ్ డాక్టరు జార్జ్ ముర్రే, థైరాయిడ్ తగ్గే జబ్బుతో బాధపడుతున్న 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం ఇచ్చాడు. ఆమె ఆ మందుతో 74 ఏళ్ళ దాకా బతికింది. మోతాదు సరిగ్గా ఉంటే అంత మంచి మందు ఇది.

టీఎస్‌హెచ్ సరిగ్గానే ఉండి చెయ్యి వణుకుతుంటే, మిగతా మాత్రల వంక చూడాలి. కళ్ళు తిరుగుతున్నాయని నెలల తరబడి వాడే స్టెమెటిల్, సిన్నరిజిన్, ఫ్లునరిజిన్ పెద్దవాళ్ళలో పార్కిన్సన్స్ (కదలికలను దెబ్బతీసే మెదడు జబ్బు) లాంటి వణుకు తెప్పించగలవు. గ్యాస్ మాత్ర అని పరగడుపున వేసుకునే వాటిలో కొన్నింట లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది, దానిదీ అదే గుణం. ఆయాసానికి వాడే డెరిఫిల్లిన్, సాల్బుటమాల్ కూడా చెయ్యి వణికిస్తాయి. గుండె లయకు వాడే అమియోడరోన్, మానసిక వైద్యంలో వాడే లిథియం అయితే థైరాయిడ్‌ను తగ్గించనూగలవు, వణుకు తేనూగలవు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకు వణుకుతోపాటు చెమటలు పడితే వెంటనే షుగర్ చూడాలి, తగ్గి ఉంటే అప్పటికప్పుడు తీపి ఇవ్వాలి.

నాకు ఎక్కువ కలత కలిగించేది పార్కిన్సన్స్ విషయం. కదలికలు నెమ్మదించడం, ముఖంలో భావం తగ్గడం, గొంతు నీరసించడం, మలబద్ధకం. ఈ నాలుగూ థైరాయిడ్ తగ్గినా ఉంటాయి. అందుకే ఒకదాని చాటున ఇంకొకటి దాగిపోతుంది. ఆవిడ టీవీ చూస్తూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు గమనించండి. ఊరకున్న చెయ్యి, అదీ ఒకవైపే, బొటనవేలు చూపుడువేలి మీద రుద్దుతున్నట్టు ఆడుతుంటే పార్కిన్సన్స్‌ను అనుమానించాలి. ఊరకున్నప్పుడు లేకుండా, గ్లాసు ఎత్తినప్పుడో సంతకం పెట్టినప్పుడో రెండు చేతులూ వణికితే అది వంశంలో నడిచే ఎసెన్షియల్ ట్రెమర్ కావచ్చు. ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపిస్తే ఎంతో మేలు, ఎందుకంటే వైద్యుడి ఎదుట టెన్షన్‌తో ఎవరి చెయ్యయినా వణుకుతుంది.

నీరసం తగ్గలేదని మోతాదు పెంచమని అడిగే ముందు బీ12, హిమోగ్లోబిన్, సోడియం చూపించండి. 65 దాటినవాళ్ళలో టీఎస్‌హెచ్ కొంచెమే పెరిగి, థైరాక్సిన్ మామూలుగా ఉన్న 737 మంది మీద జరిగిన ‘ట్రస్ట్’ అనే పేరుగల పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. మాత్ర వల్ల వాళ్ళ అలసటలో తేడా ఏమీ కనిపించలేదు. జుట్టు కోసం బయోటిన్ వేసుకుంటుంటే, రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. లేకపోతే కొన్ని ల్యాబుల పద్ధతుల్లో రిపోర్టు తప్పుగా చూపిస్తుంది.

థైరాక్సిన్ శరీరంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది. కాబట్టి డాక్టరు మోతాదు తగ్గించిన మర్నాడే వణుకు పోదు. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ టీఎస్‌హెచ్ చూస్తారు. ఈలోగా దడగా ఉన్నా, నాడి తప్పుతున్నట్టు అనిపించినా ఆగకుండా ఈసీజీ తీయించాలి. టీఎస్‌హెచ్ దారిలోకి వచ్చాక కూడా చెయ్యి వణుకుతూనే ఉంటే, ఇక థైరాయిడ్ డాక్టరు దగ్గరే తిరగకుండా న్యూరాలజిస్టుకు చూపించాలి.