అతికించిన పగడం ఊడిపోవడం వెనుక కథ

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో సముద్రపు అక్వేరియం పెట్టుకున్నవారికి తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. జిగురుతో రాతికి అతికించిన పగడం తెల్లవారేసరికి ఊడి ఇసుకలో పడి ఉంటుంది. జిగురు మంచిది కాదని వెంటనే మరో ట్యూబు కొంటారు. అయితే జిగురు వాడమన్న సలహా ఎక్కడ, ఏ రకం పగడం కోసం పుట్టిందో గమనిస్తే, లోపం ట్యూబులో లేదని తెలుస్తుంది.

జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రంలోని జీవమున్న రాళ్లనే తెచ్చి, గాలిబుడగలు తప్ప మరో వడపోత లేకుండా తొట్టెలు నడిపిన తన పద్ధతిని 1961లో ప్రకటించారు. ఆ కాలంలో పగడం మొదలుతో సహా వచ్చేది కనుక రాళ్ల సందులో ఇరికిస్తే సరిపోయేది. తర్వాత బెర్లిన్‌లో డీట్రిష్ ష్ట్యూబర్ వంటివారు ఆ జీవమున్న రాళ్లు (లైవ్ రాక్), నురగతో నీటి మలినాలను తీసే ప్రోటీన్ స్కిమ్మర్ల సాయంతో అక్రోపోరా అనే కొమ్మల గట్టి పగడాన్ని తొట్టెలోనే పెంచి, కొమ్మలు విరిచి తోటివారికి పంచసాగారు. వేలెడంత కొమ్మకు మొదలు ఉండదు, పంపు ప్రవాహానికి దొర్లిపోతుంది. అతికించవలసిన అవసరం ఈ పంపకంతోనే పెరిగింది.

ఆ అవసరాన్ని తీర్చినది సయనోయాక్రిలేట్, అంటే మనం సూపర్ గ్లూ అనే జిగురు. 1942లో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి పరికరాలకు పారదర్శక ప్లాస్టిక్ కోసం వెతుకుతూ దీన్ని చూసి, ప్రతిదానికీ అంటుకుపోతోందని పక్కన పడేసింది. 1958లో గానీ అది అంగడికి రాలేదు. తేమ తగిలితేనే గట్టిపడే గుణం దానిది కనుక నీటిలో ముంచగానే పైన పొర కడుతుంది. ఆ పొర చిట్లేలా పగడపు ముక్కను కొద్దిగా తిప్పుతూ నొక్కాలి. ఎగుడుదిగుడు రాయి అయితే, రెండు భాగాలను పిసికి కలిపితే గట్టిపడే ఎపాక్సీ ముద్దను మధ్యలో ఉంచి, దానికి రెండు వైపులా సయనోయాక్రిలేట్ చిక్కని రూపమైన జెల్ రాస్తారు; ముద్ద గుంటలను పూడుస్తుంది, జెల్ వెంటనే పట్టు ఇస్తుంది. సున్నపు అస్థిపంజరమున్న గట్టి పగడాలకు ఇది చక్కగా కుదురుతుంది. పోనుపోను పగడమే రాతిమీద సున్నం పరుచుకుంటూ పాకుతుంది కనుక, జిగురు అప్పటిదాకా నిలిస్తే చాలు.

మన దేశంలో మాత్రం 2001లో గట్టి పగడాలన్నింటినీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. వాటిని సేకరించడం, అమ్మడం నేరం. చచ్చిన పగడపు రాయికీ మినహాయింపు లేదు. మన్నార్ సింధుశాఖలో సున్నానికీ, కట్టుబడికీ దశాబ్దాలపాటు పగడపు దిబ్బలను తవ్విన తీరు తెలిసినవారు ఈ నిషేధాన్ని తప్పుపట్టలేరు. మైపాడు, కొత్తపట్నం తీరాల్లోనైతే కదిలే ఇసుక, నదుల ఒండ్రు తప్ప పగడం నిలదొక్కుకునే రాయే లేదు.

కనుక ఇక్కడి తొట్టెల్లో చట్టబద్ధంగా పెంచదగినవి ఆ షెడ్యూల్‌లో లేని మెత్తని పగడాలు, పుట్టగొడుగు ఆకారంలో ఉండే మష్రూమ్‌లు, చిన్న పువ్వుల గుంపుల్లా కనిపించే జోయాంథిడ్‌ల వంటివే. గట్టి పగడాలకు రాసిన సలహా వీటిదగ్గర బెడిసికొడుతుంది. మెత్తని పగడం ఒంటినిండా జిగట ఊరుతుంది; జెల్ ఆ జిగటకు అంటుకుంటుంది, పగడం ముడుచుకుని జిగటను వదిలించుకోగానే జెల్ కూడా ఊడిపోతుంది. దీనికి దారమే మేలు. కాడను గరుకైన రాతిముక్కకు కోసుకుపోనంత వదులుగా దారంతో కట్టాలి. మష్రూమ్ అయితే చిన్న రాళ్లు పరిచిన గిన్నెలో వేసి, పైన వల కప్పి, ప్రవాహం తక్కువగా ఉన్నచోట ఉంచితే తనంతట తానే రాయిని పట్టుకుంటుంది. చీమకుర్తి పరిసరాల్లో పాలిష్ గ్రానైట్ ముక్కలకు కరువు లేదు గానీ, ఆ నున్నని ముఖం ఇందుకు పనికిరాదు. పట్టు కుదిరాక దారాన్ని కత్తిరించి, ఆ రాతిముక్కనే పెద్ద రాయికి ఎపాక్సీతో అతికించవచ్చు. జిగురు రాతికీ రాతికీ మధ్యే ఉంటుంది గనుక జిగట బెడద ఉండదు. మే నెల ఎండల్లో ఎపాక్సీ ముద్ద త్వరగా బిగుసుకుంటుంది కాబట్టి ఒక్కో పగడానికి సరిపడా మాత్రమే కలుపుకోవాలి. జోయాంథిడ్‌లలో కొన్నింట పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది కనుక వాటిని కోసేటప్పుడు చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.