గేట్లు ఎత్తకముందే వేసుకోవాల్సిన మాత్ర

"ఐ-పిల్ వేసుకుంటే అబార్షన్ అయినట్టేనా? తర్వాత పిల్లలు పుట్టరా?" అని ఓ పాఠకురాలు అడిగారు. ఐ-పిల్ అంటే కలిసిన తర్వాత గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర. ఆ రెండు భయాలూ నిజం కావు. అంతటితో ఊరుకోవచ్చు గానీ, ఆ మాత్ర లోపల చేసే పని తెలిస్తే ఇంకో పది అనుమానాలు వాటంతటవే తీరిపోతాయి. పైగా ఆ పని భలే తమాషాగా ఉంటుంది.

గర్భం ఎలా వస్తుందో మొదట్నుంచీ చెప్పబోవడం లేదు. "ఈ పాఠం ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేసిన మాస్టార్లు చెప్పాల్సిన సంగతి అది. ఇక్కడ ఒక్క విషయం చాలు. వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు. విడుదలైన అండం ఒక్క రోజుకు మించి నిలవదు. అందుకే చాలాసార్లు కలిసిన రాత్రే ఏమీ జరిగిపోదు. వీర్యకణాలు అండం కోసం కాచుకుని కూర్చుంటాయి. మాత్రకు దొరికే సందు అదే.

అండాశయంలో అండాన్ని మోసే ఫాలికల్ అనే బుడగ పెరిగేకొద్దీ రక్తంలో ఈస్ట్రోజన్ పెరుగుతుంది. వానాకాలంలో నాగార్జునసాగర్ నిండుతున్నట్టు అనుకోండి. మామూలుగా ఈస్ట్రోజన్ మెదడు కింది పిట్యూటరీ గ్రంథిని అణచి ఉంచుతుంది. మట్టం బాగా పెరిగి, దాదాపు రెండు రోజులు అలాగే నిలిస్తే మాత్రం కథ తిరగబడుతుంది. అప్పటిదాకా అణచిన హార్మోనే ఉసిగొల్పడం మొదలుపెడుతుంది. పిట్యూటరీ ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. గేట్లు ఎత్తమనే ఆర్డరు అదే. ఆ తర్వాత సుమారు ఒకటిన్నర రోజుకు ఫాలికల్ పగిలి అండం బయటికొస్తుంది.

మాత్రలో ఉండేది 1.5 మిల్లీగ్రాముల లెవోనార్‌జెస్ట్రెల్. ఇది ప్రొజెస్టరాన్ అనే హార్మోన్‌కు నకలు. ప్రొజెస్టరాన్ సహజంగా పెరిగేది అండం విడుదలయ్యాకే. కాబట్టి మాత్ర పడగానే కంట్రోల్ రూముకు "గేట్లు ఎప్పుడో ఎత్తేశాం" అన్న దొంగ కబురు వెళ్లినట్టే. మెదడులో పిట్యూటరీని నడిపించే హైపోథాలమస్ అనే భాగం నుంచి వచ్చే జీఎన్ఆర్‌హెచ్ హార్మోన్ సంకేతాలు మందగిస్తాయి, ఎల్‌హెచ్ ఉప్పెన రాదు, వచ్చినా నీరసంగా వస్తుంది. అండం లోపలే ఆగిపోతుంది. ఈలోగా దిగువన కాచుకున్న వీర్యకణాల ఆయువు తీరిపోతుంది.

ఈ పోలికతోనే ఇంకో రెండు చిక్కులు విడిపోతాయి. ఎల్‌హెచ్ ఆర్డరు వెళ్లిపోయి, ఫాలికల్ 18 మిల్లీమీటర్లు దాటిందంటే మాత్ర వేసుకున్నా వేసుకోకపోయినా పెద్ద తేడా ఉండదు. కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలన్న పెట్టె మీది మాట గ్యారంటీ కాదు. అసలు లెక్క ఆర్డరు ఎప్పుడు వెళ్లిందన్నదే, అది మనకు తెలియదు కాబట్టే ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. రెండోది, నీళ్లు ఎక్కడికీ పోలేదు! ఆ గేట్లు కొన్ని రోజుల తర్వాతైనా లేవొచ్చు. మాత్ర వేసుకున్నాం కదా అని అదే నెలలో మళ్లీ ధీమాగా ఉంటే గర్భం రావడానికి పూర్తి అవకాశం ఉంది.

ఇక అబార్షన్ సంగతి. గర్భాన్ని నిలబెట్టే హార్మోన్ ప్రొజెస్టరానే. అబార్షన్‌కు వాడే మిఫెప్రిస్టోన్ ఆ ప్రొజెస్టరాన్ పనిని అడ్డుకుంటుంది. మన మాత్రేమో ప్రొజెస్టరాన్ పక్షం. రెండూ బద్ధ విరోధులు. అప్పటికే గర్భం ఉంటే ఈ మాత్ర దాన్ని తీసేయలేదు. ఇక్కడ గందరగోళానికి పేర్లు కూడా కారణమే. అన్‌వాంటెడ్-72 అత్యవసర గర్భనిరోధకం, అన్‌వాంటెడ్ కిట్ అబార్షన్ మందు. మెడికల్ షాపులో కంగారుగా సగం పేరు చెప్పి అడిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

"మరి ఫలదీకరణ జరిగిన అండం గర్భాశయంలో అతుక్కోకుండా చేస్తుందట కదా?" అంటారు. ఆస్ట్రేలియా, చిలీ పరిశోధకులు స్త్రీలకు అండం ఏ రోజు విడుదలైందో లెక్కగట్టి చూశారు. అంతకుముందే మాత్ర వేసుకున్నవాళ్లలో ఎవరికీ గర్భం రాలేదు. విడుదలయ్యాక వేసుకున్నవాళ్లకు మాత్రం మాత్ర లేకపోతే ఎన్ని గర్భాలు రావాలో దాదాపు అన్నీ వచ్చాయి. అతుక్కోకుండా అడ్డుకునే శక్తే ఉంటే ఈ రెండో గుంపును కాపాడి ఉండాలి కదా! అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 డిసెంబరులో, ఇదే మందుతో తమ దేశంలో అమ్మే ప్లాన్ బీ మాత్ర వివరాల నుంచి ఆ మాట తీసేయించింది.

పిల్లలు పుట్టరన్న భయానికి ఆధారం లేదు. మందు కొద్ది రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోతుంది. ఆ నెల పీరియడ్స్ కాస్త ముందో వెనకో వస్తాయి, అంతే. దానికే టెన్షన్ పడి బొప్పాయి, నువ్వుల బెల్లం తినేవాళ్లున్నారు. తింటే కడుపు నిండుతుంది.

చాలామందికి చెప్పని సంగతి ఒకటుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపైన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి ఈ మందును తొందరగా కరిగించేస్తాయి. అలాంటివాళ్లకు కాపర్-టి మేలని, కుదరకపోతే రెట్టింపు డోసు వేసుకోవాలని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2016లో సూచించింది. కాపర్-టి అయితే కలిసిన ఐదు రోజుల్లోపు వేయించుకున్నా 99 శాతం పైనే పనిచేస్తుంది. అది గేట్ల జోలికే పోదు, రాగి అయాన్లతో నేరుగా వీర్యకణాలనే పనికిరాకుండా చేస్తుంది. మాత్ర వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి. పీరియడ్స్ రావాల్సిన రోజు దాటి వారమైనా రాకపోతే ప్రెగ్నెన్సీ టెస్టు చేసుకోవాలి.