ఎం5 మీద గ్యారేజీ కబుర్లు: అపోహలు - వాస్తవాలు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పాత జర్మన్ బండ్లు బాగుచేసే షెడ్డులో నా పని. సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు చెక్ చేయించుకోవడానికి వచ్చేవాళ్లే మాకు ఎక్కువ. వాళ్లలో బీఎండబ్ల్యూ వాళ్ల ఫాస్ట్ సెడాన్ ఎం5 అంటే పిచ్చి ఉన్నవాళ్ల తీరే వేరు. బండి లిఫ్టు ఎక్కకముందే ఏ తరం గొప్పదో వాదన మొదలుపెడతారు. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి అడిగేవాళ్లదీ ఇదే వరస. ఆ వాదనలో సగం బ్రోచర్‌లో చదివింది, సగం యూట్యూబ్‌లో విన్నది.

తెలియనివాళ్ల కోసం ముందు ఎం5 తరాల వరస, కంపెనీ కోడ్‌లతో చెప్తాను. 1980ల మధ్యలో ఈ28, 1988లో ఈ34. ఈ రెండూ ఆరు సిలిండర్లవి. 1998లో ఈ39, వీ8 (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లు). 2005లో ఈ60, వీ10. 2011లో ఎఫ్10, రెండు టర్బోల వీ8. 2017లో ఎఫ్90, ఇంజిన్ కుటుంబం అదే గానీ పవర్ నాలుగు చక్రాలకూ వెళ్తుంది. 2024లో జీ90, వీ8కి తోడు ఎలక్ట్రిక్ మోటారు. బండిని ఎవరూ మోడల్ పేరుతో పిలవరు, ఈ కోడ్‌తోనే పిలుస్తారు.

అపోహ: ఫాస్ట్ సెడాన్ అనేది ఎం5తోనే పుట్టింది.

కాదు. మెర్సిడెస్ 300 ఎస్‌ఈఎల్ 6.3 లీటర్ల వీ8తో 1968లోనే వచ్చింది. బీఎండబ్ల్యూ వాళ్లే ఎం5 కంటే ముందు ఎం535ఐ అమ్మారు. ఈ28 ఎం5 ప్రత్యేకత ఇంకోటి. ఎం1 స్పోర్ట్స్ కారు కోసం చేసిన 24 వాల్వుల ఇంజిన్‌కి బాష్ మోట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పెట్టి, 286 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) తీసి, ఆఫీసుకి వేసుకెళ్లే బండిలో దించారు. ఎం1 ఇంజిన్‌నే యథాతథంగా పెట్టారన్న మాట కూడా సరికాదు. ఎం1లో డ్రై సంప్ (ఆయిల్‌ని వేరే ట్యాంకులో ఉంచే పద్ధతి), మెకానికల్ ఇంజెక్షన్ ఉండేవి. ఇందులో ఆ రెండూ లేవు.

అపోహ: ఈ60లో ఉన్నది ఫార్ములా వన్ ఇంజిన్.

బండి అమ్మేవాళ్లకి ఇంతకంటే ఇష్టమైన మాట లేదు. ఆ రోజుల్లో ఫార్ములా వన్ ఇంజిన్ 3 లీటర్లది, 19,000 ఆర్‌పీఎం దాకా తిరిగేది, ఒకటి రెండు రేసులకే దాని ఆయుష్షు అయిపోయేది. ఈ60లో ఉన్నది 4,999 సీసీ ఇంజిన్, 8,250 దగ్గర ఆగుతుంది. విడిభాగాల పరంగా రెండింటికీ చుట్టరికం లేదు. ఉన్న సంబంధమల్లా సిలిండర్ల సంఖ్య, పోత పోసిన చోటు. జర్మనీలోని లాండ్స్‌హూట్‌లో ఫార్ములా వన్ బ్లాకులు పోసిన ఫౌండ్రీలోనే దీని బ్లాకునీ పోశారు. తమాషా ఏంటంటే, ఈ60 మార్కెట్లోకి వచ్చిన మరుసటి ఏడాదే, 2006లో, ఫార్ములా వన్ వీ10ని వదిలేసి 2.4 లీటర్ల వీ8కి మారింది. రోడ్డు మీద మాత్రం వీ10 2010 దాకా బతికింది.

పేరు అప్పు తెచ్చుకోవాల్సిన అవసరం ఆ ఇంజిన్‌కి లేదు. సిలిండర్‌కొకటి చొప్పున పది థ్రాటిళ్లు (గాలిని లోపలికి వదిలే తలుపులు), టర్బో లేకుండా 507 పీఎస్. 2005లోనూ 2006లోనూ ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ అవార్డు దానిదే.

ఇక్కడే ఇంకో తిరకాసు. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లొచ్చి “ఇంతేనా, పికప్ ఏమీ లేదే” అని పెదవి విరిచేవాళ్లున్నారు. ఈ60 స్టార్ట్ చేయగానే ఇచ్చేది 400 పీఎస్ మాత్రమే. మిగతా 107 కావాలంటే పవర్ బటన్ నొక్కాలి, లేదా స్టీరింగ్ మీది ఎం బటన్‌లో సెట్ చేసుకోవాలి. ఆ బటన్ సంగతి తెలియక ఈ60 కంటే ఈ39 ఫాస్టని తీర్పు చెప్పినవాళ్లని నేనే చూశాను.

అపోహ: ఈ60 టైమ్ బాంబు, ఈ39 ఇనుప గుండు.

ఎక్కువ డబ్బు పోగొట్టేది ఈ అపోహే. కాస్త వివరంగా చెప్పాలి.

ఈ60 వీ10లో పిస్టన్లని క్రాంక్ అనే తిరిగే ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్ల బేరింగులు తొందరగా అరుగుతాయన్న మాట నిజం. బేరింగుకీ క్రాంక్‌కీ మధ్య సందు తక్కువ, పోసేది 10డబ్ల్యూ-60 అనే చిక్కటి ఆయిల్, ఇంజిన్ చూస్తే హై ఆర్‌పీఎం మీద బతికే రకం. చల్లగా ఉన్నప్పుడే యాక్సిలరేటర్ తొక్కితే ఆ సందులోకి ఆయిల్ సరిగా అందదు. కంపెనీకి ఇది తెలియక కాదు. ఆర్‌పీఎం మీటరు చుట్టూ చిన్న లైట్లు పెట్టారు. ఆయిల్ వేడెక్కే కొద్దీ అవి ఒక్కొక్కటిగా ఆరిపోతూ, ఎంతవరకు తొక్కొచ్చో చూపిస్తాయి. రెండో మూడో చేతికి వచ్చిన బండి ఓనర్లలో చాలామంది వాటిని అలంకారం అనుకుంటారు.

బేరింగులు చూడాలంటే ఇంజిన్‌ని పైనుంచి వేలాడదీసి, ముందువైపు సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్ కింది చట్రం) దించి, ఆయిల్ పాన్ విప్పాలి. ఒక్కో రాడ్డుకి రెండు ముక్కలు, మొత్తం ఇరవై. బాగున్న ముక్క అంతా ఒకే బూడిద రంగులో ఉంటుంది, గోరుతో గీస్తే ఏదీ తగలదు. అరిగినదాంట్లో మధ్యలో నెలవంకలా పూత లేచిపోయి, కింద రాగి రంగు బయటపడి ఉంటుంది. సాధారణంగా పిస్టన్ దెబ్బ పడే పై ముక్కే ముందు పోతుంది. అక్కడితో పట్టుకుంటే కొత్త బేరింగులు, బోల్టులు వేసి మూసేయొచ్చు. చూడకుండా వదిలేస్తే క్రాంక్ గీరుకుపోతుంది, ఆ తర్వాత లెక్క బేరింగుల్లో కాదు, ఇంజిన్లలోనే.

కాబట్టి బేరింగులు మార్చిన బిల్లున్న ఈ60ని చూసి భయపడక్కర్లేదు. బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తీసేసే బేరం ఆడాలి. థ్రాటిల్ యాక్చుయేటర్లు, గేర్‌బాక్స్ హైడ్రాలిక్ పంపు కూడా ఖర్చు పెట్టించే ఐటమ్‌లే. అవి చెప్పి పోతాయి, బేరింగు చెప్పదు.

ఇక ఇనుప గుండు సంగతి. ఈ39 వీ8 గట్టిదే, నాకూ ఇష్టమే. కానీ అందులో అతి చిన్న వయసు బండికే ఇరవై ఏళ్లు దాటాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే ముందు వైపు గలగలమంటే వానోస్ యూనిట్లు (వాల్వుల టైమింగ్ మార్చేవి) అరిగినట్టు. టైమింగ్ చైన్ గైడ్లు ప్లాస్టిక్, పాతబడి పెళుసెక్కుతాయి. సిలిండర్ హెడ్‌లోని సెకండరీ ఎయిర్ దారుల్లో (పొగని శుభ్రం చేయడానికి గాలి పంపేవి) మసి పట్టి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. వీటిని పట్టించుకోని ఈ39 కంటే చక్కగా చూసుకున్న ఈ60 వెయ్యి రెట్లు నయం.

అపోహ: ఈ39 స్టీరింగ్‌ని మించింది లేదు.

మామూలు ఆరు సిలిండర్ల ఈ39లో ఉన్నది ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్. అంత పెద్ద వీ8 పెట్టాక ర్యాక్‌కి చోటు లేక, ఎం5లో పాత పద్ధతి రీసర్క్యులేటింగ్ బాల్ బాక్సు (చిన్న గుండ్ల మీద తిరిగేది, ర్యాక్ అంత సూటిగా ఉండదు) బిగించారు. కాబట్టి ఆ పొగడ్త ఆరు సిలిండర్ల 528ఐకి సరిపోతుంది, ఎం5కి కాదు. ఎం5లో అసలు మెచ్చుకోవాల్సింది ఆ గేర్ లివరు, ఆ ఇంజిన్ లాగే తీరు.

అపోహ: ఈ60ది ఆటోమేటిక్ గేర్‌బాక్స్.

క్లచ్ పెడల్ లేదు కాబట్టి అలా అనుకుంటారు. లోపల ఉన్నది ఏడు గేర్ల మాన్యువల్ బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం హైడ్రాలిక్స్ చేస్తాయి. దాన్నే ఎస్‌ఎంజీ అంటారు. ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ లాగా పాకించుకుంటూ పోతే క్లచ్ కాలుతుంది. గేరు పడేటప్పుడు యాక్సిలరేటర్ కొంచెం వదిలితే మెత్తగా పడుతుంది. అది తెలియనివాళ్లే కుదుపులని తిట్టుకుంటారు. సిటీ వాడకానికి ఇదొక తలనొప్పి అన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే.

అపోహ: మాన్యువల్ ఉంటేనే అసలైన ఎం5.

ఈ39 దాకా ఈ వాదనకి అర్థమే లేదు, అన్నీ మాన్యువలే. ఈ60కి ఆరు గేర్ల మాన్యువల్ ఇచ్చింది ఉత్తర అమెరికాకి మాత్రమే, అక్కడివాళ్లు పట్టుబట్టి అడిగారు కాబట్టి. ఆ బండి మొదట వచ్చినప్పుడు స్టెబిలిటీ కంట్రోల్‌ని (బండి జారకుండా కంప్యూటర్ పట్టుకునే ఏర్పాటు) పూర్తిగా ఆపే వీలు లేదు. స్వచ్ఛమైన డ్రైవింగ్ కావాలని మాన్యువల్ కొన్నవాళ్లకే ఆ స్వేచ్ఛ దొరకలేదు! ఎఫ్10లోనూ అమెరికాకి మాన్యువల్ ఉంది. ఎఫ్90 నుంచి ఎక్కడా లేదు.

మా దగ్గరికి వచ్చే మాన్యువల్ ఎం5లు అమెరికా వేలంలో కొని ఓడ ఎక్కించినవే. అలాంటి బండిలో గేర్ లివరు చూసి మురిసిపోయే ముందు కింద వెల్డింగ్ గుర్తులు, ఎయిర్‌బ్యాగులు చూడాలి, యాక్సిడెంట్ బండి అయి ఉండొచ్చు.

అపోహ: టర్బో రావడంతో ఎం5 చచ్చిపోయింది.

ఈ60 వీ10 పూర్తి టార్క్ (లాగే బలం) 520 ఎన్‌ఎం ఇచ్చేది 6,100 ఆర్‌పీఎం దగ్గర. ఎఫ్10 వీ8 680 ఎన్‌ఎంని 1,500 నుంచే ఇస్తుంది. ఫ్యామిలీతో వెళ్తూ ఓవర్‌టేక్ చేసేవాడికి ఏది పనికొస్తుందో చెప్పక్కర్లేదు. కంపెనీ లెక్కన 100 కిలోమీటర్లకి ఈ60 తాగేది 14.8 లీటర్లు, ఎఫ్10 తాగేది 9.9. యూరప్‌లో కార్బన్ రూల్స్ బిగుస్తున్న కాలంలో ఈ తేడా లేకుండా ఎం5 ఉండేదే కాదు.

శబ్దం విషయంలో మాత్రం తిట్టినవాళ్లదే న్యాయం. ఎఫ్10 లోపల కూర్చుంటే వినిపించే ఇంజిన్ మోతలో కొంత స్పీకర్లలోంచి వస్తుంది. వీ10 విన్న చెవికి అది ఎక్కదు.

గల్ఫ్ ఎండల్లో ఇంకో సంగతి. టర్బోలు రెండూ ఇంజిన్ నెత్తిన, వీ మధ్యలోనే కూర్చుంటాయి. ఆ వేడికి చుట్టూ ఉన్న రబ్బరు గొట్టాలు, ప్లాస్టిక్ జాయింట్లు గట్టిపడి విరుగుతాయి. ఎఫ్10, ఎఫ్90 కొనేవాళ్లు ముందు కూలెంట్ లీకులు చూసుకోండి.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ వచ్చి ఎఫ్90 బరువెక్కింది, సరదా పోయింది.

ఎఫ్10 బరువు 1,870 కిలోలు, ఎఫ్90ది 1,855. కార్బన్ రూఫ్, అల్యూమినియం బోనెట్ పెట్టి తగ్గించారు. స్టెబిలిటీ కంట్రోల్ ఆపేసి టూ వీల్ డ్రైవ్ మోడ్‌లో పెడితే పవర్ మొత్తం వెనక చక్రాలకే. ఎఫ్10లోని డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ తీసేసి ఆటోమేటిక్ పెట్టడం వెనకడుగు అనేవాళ్లూ ఉన్నారు. నడిపి చూస్తే ఆ మాట మళ్లీ అనరు.

అపోహ: 727 పీఎస్ ఉంది కాబట్టి జీ90 అన్నిటికంటే ఫాస్ట్.

జీ90 ఇంజిన్ 585 పీఎస్, మోటారు 197 పీఎస్. కూడితే 782 రావాలి కదా, కంపెనీ 727 అంటోందేంటని చాలామంది అడుగుతారు. రెండింటి పవర్‌నీ ఊరికే కూడటం కుదరదు. రెండూ కలిసి పనిచేస్తున్నప్పుడు నిజంగా బయటికొచ్చేదే లెక్క.

అసలు కథ బరువులో ఉంది. జీ90 2,435 కిలోలు. సున్నా నుంచి 100కి కంపెనీ చెప్పిన టైములు చూడండి: ఈ39 5.3 సెకన్లు, ఈ60 4.7, ఎఫ్10 4.4, ఎఫ్90 3.4, జీ90 3.5. ఎం5 చరిత్రలో కొత్త తరం పాతదాని కంటే వెనకబడింది ఇక్కడే. టన్నుకి ఎంత పవర్ అని భాగించి చూస్తే ఇంకా స్పష్టం. ఈ39కి 233 పీఎస్, ఈ60కి 289, ఎఫ్10కి 299, ఎఫ్90కి 323, జీ90కి మళ్లీ 299. అంటే పవర్, బరువు నిష్పత్తిలో జీ90 పదమూడేళ్లు వెనక్కి వెళ్లి ఎఫ్10 పక్కన నిలబడింది.

ఈ లెక్క మీరూ వేస్తే ఒక జాగ్రత్త. బరువుకి జర్మన్ డిన్ లెక్క ఒకటి, యూరోపియన్ లెక్క ఒకటి ఉన్నాయి. రెండోదాంట్లో డ్రైవరు, లగేజీ కలిపి 75 కిలోలు ఎక్కువ వేస్తారు. ఒక బండికి ఇది, ఇంకోదానికి అది తీసుకుని పోట్లాడుకునేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. పైన నేను వేసినవన్నీ డిన్ లెక్కలే.

అలాగని జీ90 చెడ్డదని కాదు. గంటకి 140 దాకా కరెంటు మీదే వెళ్తుంది. తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి చప్పుడు లేకుండా బయటికి తేవచ్చు. పాత ఎం5లలో ఏదీ ఆ పని చేయలేదు. ఇండియాలో 2024 నవంబర్‌లో ఎక్స్ షోరూమ్ 1.99 కోట్లకి వచ్చింది.

అపోహ: గల్ఫ్‌లో పాత ఎం5 కొని హైదరాబాద్ పంపించుకోవచ్చు.

“అన్నా, ఒక ఈ39 చూసి పంపవా” అని ఫోన్ చేసేవాళ్ల కోసం ఇది. సెకండ్ హ్యాండ్ బండిని ఇండియాకి దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. గల్ఫ్ ఈ39 ఈ రెండింట్లోనూ ఫెయిలే. యాభై ఏళ్లు దాటిన వింటేజ్ బండ్లకి వేరే రూలుంది గానీ, మొదటి ఎం5కి కూడా ఇంకా ఆ వయసు రాలేదు. కార్నెట్ (బండిని తాత్కాలికంగా తెచ్చుకోనిచ్చే పత్రం) మీద తెస్తే గడువులోపు మళ్లీ వెనక్కి తీసుకుపోవాలి. ఇండియాలో ఉన్నవాళ్లు అక్కడే రిజిస్టరైనవి వెతుక్కోవాలి.

అపోహ: తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండే మంచిది.

టైరు పక్కన నాలుగంకెల కోడ్ చూడండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. 30,000 కిలోమీటర్లే తిరిగిందని చెప్పే బండి టైర్ల మీద పదేళ్ల కిందటి ఏడాది ఉంటే, అది ఏళ్ల తరబడి కదలకుండా ఎండలో నిలబడిందేమోనని అనుమానించాల్సిందే. సీళ్లు ఎండిపోతాయి, బ్రేక్ ఆయిల్ నీరు పీల్చుకుంటుంది. ఏటా ఆయిల్ మారుస్తూ లక్ష తిరిగిన బండి నాకు నయం.

ఏ తరమైనా సరే, బండి చూడటానికి వెళ్లగానే ముందు బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వానోస్ గలగల, చైన్ చప్పుడు, స్టార్టింగ్‌లో వచ్చే పొగ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. బోనెట్ వేడిగా ఉంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. మర్నాడు పొద్దున్నే వస్తానని, అప్పటిదాకా తాళం తిప్పొద్దని చెప్పి వచ్చేయండి.