గుర్రం దిగి కారెక్కిన జాన్ వేన్

1974లో ‘మెక్‌క్యూ’ విడుదలైనప్పుడు హాలీవుడ్ కౌబాయ్ హీరో జాన్ వేన్ వయసు 66 ఏళ్లు. క్యాన్సర్ వల్ల 1964లోనే ఎడమ ఊపిరితిత్తి తీసేశారు. నలభై ఏళ్లుగా జనం గుర్రం మీద చూసిన మనిషి, ఈ సినిమాలో సియాటిల్ పోలీసుగా ఆకుపచ్చ పాంటియాక్ కారు నడిపాడు. అంత భారీ మనిషి ఆ సీట్లో ఇరుక్కుని కూర్చోవడం చూస్తే నాకిప్పటికీ బాధేస్తుంది.

ఆ వయసులో ఆయనకు ఇదెందుకు అవసరమైంది? 1960ల చివరికి అమెరికన్లకు భయం ఎడారిలో లేదు, తాము ఉండే వీధిలోనే ఉంది. నగరాల్లో అల్లర్లు, పెరుగుతున్న నేరాలు. నిందితుణ్ణి ప్రశ్నించే ముందు అతని హక్కులు చెప్పి తీరాలని 1966లో సుప్రీంకోర్టు అంది. పోలీసుల చేతులు కట్టేశారని చాలామంది మండిపడ్డారు. 1968 అధ్యక్ష ఎన్నికల్లో నిక్సన్ శాంతిభద్రతల నినాదంతోనే గెలిచాడు.

ఈ మార్పును ముందుగా పట్టుకున్నది మరో కౌబాయ్ హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్. 1968లో ‘కూగన్స్ బ్లఫ్’లో అరిజోనా డిప్యూటీ షెరీఫ్‌గా, అదే కౌబాయ్ టోపీతో న్యూయార్క్‌లో దిగాడు. 1971లో అదే దర్శకుడు డాన్ సీగెల్‌తో ‘డర్టీ హ్యారీ’లో నగర పోలీసు హ్యారీగా చేశాడు. మన కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో కౌబాయ్ అయిందీ ఆ ఏడాదే. అక్కడ ముగుస్తున్న మోజు ఇక్కడ అప్పుడే మొదలైంది.

హ్యారీ పాత్ర మొదట గాయకుడు, నటుడు ఫ్రాంక్ సినాట్రా చేయాల్సింది. తర్వాత వద్దన్నవాళ్లలో వేన్ ఒకడు. ఆ సినిమా చివర హ్యారీ తన బ్యాడ్జ్ నీళ్లలోకి విసిరేస్తాడు. 1952లో ‘హై నూన్’లో ఊరి పోలీసు అధికారిగా చేసిన గ్యారీ కూపర్ కూడా బ్యాడ్జ్ మట్టిలో పడేసి వెళ్లిపోతాడు. ‘హై నూన్’ అంటే వేన్‌కి ఒళ్లుమంట, అమెరికాకే వ్యతిరేకమన్నాడు. దానికి జవాబుగా 1959లో దర్శకుడు హోవార్డ్ హాక్స్‌తో కలిసి ‘రియో బ్రేవో’ చేశాడు. అందులో వేన్ చేసిన షెరీఫ్ చివరిదాకా తన ఉద్యోగం వదలడు.

అలాంటి వేన్ ‘మెక్‌క్యూ’లో స్నేహితుణ్ణి చంపినవాళ్లను వెతకడానికి పోలీసు ఉద్యోగానికి రాజీనామా చేస్తాడు. ఈ పాత్ర ఆయనకు అతకలేదని చాలామంది అంటారు. నాకు మాత్రం, బ్యాడ్జ్ వదలకూడదని ఇరవై ఏళ్లు పట్టుకున్న మాటను ఆయన వదులుకున్నది ఇక్కడే అనిపిస్తుంది. కాలం ఆయన్ని కూడా అక్కడికి నెట్టింది.

1975లో ‘బ్రానిగన్’లో షికాగో పోలీసుగా లండన్ వెళ్లాడు. దాంతో ఆ ప్రయత్నం ఆపేశాడు. 1976లో, చివరి సినిమా ‘ది షూటిస్ట్’ కోసం మళ్లీ టోపీ పెట్టుకున్నాడు. అందులో ఆయనది క్యాన్సర్‌తో చనిపోతున్న ముసలి తుపాకీ వీరుడి పాత్ర. మూడేళ్లకు, 1979 జూన్‌లో, ఆయనా క్యాన్సర్‌తోనే పోయాడు.